రెండు గంటల చెరువు

చెరువు పక్కన ఇల్లని తెలిసినప్పటి సంది
స్కాన్ సెంటర్ల అందరిదీ ఒకటే మాట
"నీకేందమ్మా, అదృష్టం!"
నేను నవ్వి తర్వాతి టోకెన్ పిలుస్త.

కిరాయికి దిగి ఆరేండ్లు.
హనుమకొండల రెండు గదులకిచ్చే పైసలకు
ఇక్కడ నాలుగు గదులు, ఒక జామచెట్టు,
వెనక తలుపు తీస్తే కట్ట,
కట్టెక్కితే నీళ్లు.

ఆరూ నలభై బస్సు నాది.
ఐదు నిమిషాలకు ఎదురు బస్సొస్తది,
అండ్ల ఓదెలు కరీంనగర్ పోతడు, గ్రానైట్ పనికి.
ఒక్క గిన్నెల వండిన బీరకాయ కూర
రెండు పట్నాలల్ల, రెండు డబ్బాలల్ల
ఒంటిగంటకు మూత తెరుచుకుంటది.
మేం కలిసి తినుడంటే అదే.

పొద్దున నా చెరువుకు మొఖం ఉండదు.
మంచు, ఒక దగ్గు,
తెప్ప మీద పోశాలు బీడీ నిప్పు.
రాత్రి నా చెరువుకూ మొఖం ఉండదు.
బస్సు దిగంగనే వాసనొస్తది
తుంగ, పాచి, తడిసిన వల.
దూరాన రెండు దిక్కులా
ఆకాశం అంచుకు పసుపు రాసినట్టు రెండు వెలుగులు.
ఒకటి నా జీతం, ఒకటి ఓదెలు జీతం.
నడుమ నల్లగున్నది మా ఇల్లు.

సెలవు నాడో, అంటరు.
నాది మంగళారం, ఆయనది ఆదివారం.
సెలవు నాడు నిద్రపోతం.
అదీ ఒక ఊరే, దానికీ పోయిరావాలె.

కాజీపేట రైలు కూత నీళ్ల మీద జారుకుంట వచ్చే రాత్రి
కట్ట మీద కాళ్లు చాపి కూసుంటం.
"చెరువు మంచిగుంది" అంటడు ఓదెలు,
కనబడని దాన్ని చూసి.

మొన్న శ్రావణంల మూడొద్దులు ముసురు.
నాలుగోనాడు మత్తడి దుంకింది.
అటు మత్తడి, ఇటు వాగు,
ఏ దిక్కూ బస్సు లేదు.
సార్‌కు ఫోన్ జేస్తే
"చెరువు చూసుకుంట హాయిగుండమ్మా" అని
ఒకనాటి జీతం కోసిండు.
అంత పెట్టి కొన్న పగలు అది.

రెండు గంటలకు కట్టెక్కిన.

నేననుకున్నట్టు నీలంగ లేదు.
చాయ్ పారబోసినట్టు ఎర్రగుంది.
బర్రెల ముక్కులు. లొట్టపీసు పూలు.
పాత కొయ్య మీద నీరుకాకి
రెండు రెక్కలు ఆరేసుకొని
అంగీ తడిసినోని లెక్క నిలబడ్డది.
శిఖంల వెంచరోళ్లు పాతిన ఏడు సున్నపు రాళ్లల్ల
ఐదు మునిగినయ్.
మిగిలిన రెండిట్ల మీద
కొంగలు పొజిషన్ల ఉన్నయ్.

మత్తడి కాడ కొంరమ్మ
దోమతెర పట్టుకొని నడుముల దాక నీళ్లల్ల.
నన్ను ఎగాదిగా చూసి
"ఏ ఊరి బిడ్డవే?" అన్నది.
ఈ ఊరే పెద్దమ్మా, జామచెట్టు ఇల్లు.
"ఓ! దీపాలు వెట్టినంక అచ్చేటోళ్లా!"

ఊళ్లె మాకో పేరున్నదని
అప్పుడే ఎరుకైంది.
కొంగున నాలుగు జెల్లలు ఏసింది, పైసలద్దన్నది.

వెనుక ఓదెలొచ్చి నిలబడ్డడు.
రెప్పల మీద రాతిపొడి లేదు.
గడ్డంల తెల్ల వెంట్రుకలు ఎన్నడొచ్చినయో,
ఎండల చూసిన.
ఆయన కూడ నన్నట్లనే చూస్తున్నడు,
ఏమో లెక్క వేస్తున్నట్టు.
ఈసారి చెరువు గురించి ఏమనలే.

తెల్లారి నీళ్లు దిగినయ్. బస్సొచ్చింది.
కిటికీ పక్క సీటు దొరకలే.

సెంటర్ల గడియారం రెండు కొట్టంగ
నలభై మూడు అని పిలిచి ఆగిన.
ఇప్పుడు ఆ కొయ్య మీద ఎవరున్నరో.
"నలభై మూడు నేనే బిడ్డా" అన్నదొక ముసలామె,
చెప్పులకు ఎర్రమట్టి.
పేరు, వయసు, డాక్టరు పేరు రాసుకొని
"ఏ ఊరు పెద్దమ్మా?" అనడిగిన.
ఫారంల ఆ గడి లేదు.